మన పెద్దల కత్తి, సానరాయి



ఈ సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయవలసిందని మన సంఘం వారు కోరినప్పుడు, ఏమి వ్రాయాలా అని మేము చాలా రోజులు ఆలోచించాము. మేము పండితులము కాము. బడిపంతులు ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాళ్ళము. తెలుగు చదవడం, వ్రాయడం నడివయస్సులో సాయంత్రపు తరగతులలో నేర్చుకున్నవాళ్ళము. రాజుల చరిత్ర, కవుల చరిత్ర వ్రాయగల సమర్థులు మనలో ఉన్నారు. అందుచేత ఈ మలేషియా తోటలలో బ్రతికిన ప్రతి తెలుగు ఇంట్లోనూ ఉండిన ఒక చిన్న వస్తువు చరిత్రను వ్రాస్తున్నాము. ఆ వస్తువు కత్తి. దానితోపాటు దానికి ప్రాణం పోసిన సానరాయి.

సాయంత్రపు తరగతిలో మొదటి రోజున జరిగిన సంగతి ఒకటి చెప్పి విషయంలోకి వస్తాము. ఇంట్లో విని తెలిసిన తెలుగు మాటలు చెప్పండి అని మా గురువుగారు అందరినీ అడిగారు. కొందరు అమ్మ, నాన్న, అన్నం, కూర అని చెప్పారు. మా వంతు వచ్చినప్పుడు మా నోట వచ్చిన మాటలు ఇవి: నూరు, పదును, వాదర, పిడి, కక్కు, ఆకురాయి. గురువుగారు ఆశ్చర్యపడి, "మీది కమ్మరం చేసే కుటుంబమా అండీ?" అని అడిగారు. "కాదండీ, రబ్బరు తోట కుటుంబం" అన్నాము. మా ఇంట్లోకి తమిళం వచ్చింది, మలాయి వచ్చింది, బడితోపాటు ఇంగ్లీషు వచ్చింది. ఎన్ని వచ్చినా కత్తి చుట్టూ ఉన్న మాటలు మాత్రం తెలుగులోనే నిలిచిపోయాయి. కారణం ఏమిటంటే, మా ఇంట్లో కత్తులు నూరేది మా నాయనమ్మ. ఆమెకు తెలుగు తప్ప మరొక భాష సరిగా వచ్చేది కాదు.

తాతగారి రాక

మా తాతగారు 1926లో కంగాణి వెంట ఈ దేశం వచ్చారు. స్వగ్రామం శ్రీకాకుళం దగ్గర. ఆ రోజులలో శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అది విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం విడి జిల్లా అయింది. మీ ఇంట్లోని పాత కాగితాలలో ఒకే ఊరి పక్కన వేర్వేరు జిల్లాల పేర్లు కనిపిస్తే కంగారుపడవద్దు. ఊరు కదలలేదు, జిల్లాలు మారాయి.

మలయాకు ఒప్పందపు కూలీలను తెచ్చే పద్ధతి 1910లో రద్దయింది. ఆ తరువాత కంగాణి పద్ధతి సాగింది. తోటలో నమ్మకస్థుడైన పనివాడిని కంగాణిగా పంపితే, అతడు తన ఊరికి వెళ్ళి తన వాళ్ళను వెంటబెట్టుకొని వచ్చేవాడు. 1938లో భారత ప్రభుత్వం కూలీల వలసను ఆపివేసేవరకు మన పెద్దలలో ఎక్కువమంది ఈ విధంగానే వచ్చారు.

మా తాతగారు ఊరిలో తాటిచెట్లు గీసేవారు. తాటిగెల కొనను ప్రతిరోజూ పలచగా, ఒక పొర మాత్రమే చెక్కాలి. లోతుగా కోస్తే గెల పాడవుతుంది, కోయకపోతే కల్లు దిగదు. ఆ కత్తికి పదును పెట్టడానికి ఆయన ఒక చెక్క మీద పలుగురాయి పొడి చల్లి, దాని మీద కత్తిని నూరేవారట. ఇక్కడికి వచ్చి రబ్బరు చెట్టు ముందు నిలబడినప్పుడు ఆయనకు ఆ పని పూర్తిగా కొత్తగా తోచలేదని నాయనమ్మ చెప్పేది. మా ఇంట్లో రబ్బరు పనిని కూడా "చెట్టు గీయడం" అనే అనేవారు.

రెండు సంవత్సరాల తరువాత నాయనమ్మ వచ్చింది. ఆమె మూటలో ఒక కత్తిపీట, ఒక కక్కు కొడవలి, తమ ఊరి ఏటి నుండి తెచ్చిన ఒక నూరుడురాయి ఉన్నాయి. ఆ రాయి జానెడు పొడవు, బూడిద రంగు. ఆ రాయి సంగతి మళ్ళీ చెబుతాము.

చెట్టు, గాటు, బెరడు

రబ్బరు చెట్టు బ్రెజిల్ అడవులది. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఇంగ్లీషువాడు సుమారు 70,000 గింజలను లండన్ దగ్గరి క్యూ తోటకు చేర్చాడు. 1877లో 22 మొక్కలు సింగపూరు చేరాయి. వాటిలో కొన్నిటిని మన పేరా రాష్ట్రంలోని కువాలా కంగ్సార్‌లో నాటారు. 1888లో సింగపూరు ఉద్యానవనానికి అధికారిగా వచ్చిన హెన్రీ రిడ్లీ ఈ చెట్టును నాటండి, నాటండి అని తోటల దొరల వెంటపడేవాడు. వారు నవ్వి అతనికి "పిచ్చి రిడ్లీ" అని పేరు పెట్టారు. ఆ పిచ్చివాడు నూరేళ్ళు బ్రతికి 1956లో కన్నుమూశాడు. ఆ నూరేళ్ళలో అతని మాట నిజమై, మలయా కొండవాలులన్నీ రబ్బరు తోటలయ్యాయి. మన తాతలు ఈ దేశానికి రావడానికి అదే కారణం.

రిడ్లీ చేసిన పెద్ద మేలు మరొకటి ఉన్నది. బ్రెజిల్‌లో చిన్న గొడ్డలితో చెట్టును అక్కడక్కడ నరికి పాలు పట్టేవారు. గొడ్డలి దెబ్బ లోపలి కలపకు తగిలి చెట్టు చెడిపోయేది. రిడ్లీ 1890ల దశకంలో వేరే పద్ధతి చూపాడు. బెరడు మీద ఏటవాలుగా ఒక గాటు పెట్టాలి. మరుసటిసారి కొత్త గాటు పెట్టకుండా, పాత గాటు కింది అంచునుండే ఒక పలచని పొర తీయాలి. అలా చేస్తే పాలు ఎక్కువ కారతాయి, చెట్టు చావదు.

ఈ పని వినడానికి సులువు. లెక్కలు చూస్తే ఎంత కష్టమో తెలుస్తుంది. పాలనాళాలు బెరడు లోపలి భాగంలో ఉంటాయి. వాటికి లోపల, కలపకు పైన, కంటికి సరిగా కనిపించని పలచని పొర ఒకటి ఉంటుంది. కొత్త బెరడును పుట్టించేది ఆ పొరే. కత్తి దానికి 1 మిల్లీమీటరు దూరం వరకు వెళ్ళాలి, దానిని ముట్టరాదు. ఒక్కొక్కసారి తీసే పొర మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. గాటు ఎడమవైపు ఎత్తుగా, కుడివైపు పల్లంగా, సుమారు 30 డిగ్రీల వాలులో ఉండాలి. పాలనాళాలు నిట్టనిలువుగా కాక కొంచెం పక్కకు వాలి ఉంటాయి గనుక ఆ వాలులో కోస్తేనే ఎక్కువ నాళాలు తెగుతాయి. ఇదంతా తెల్లవారకముందే, నుదుట దీపం కట్టుకొని చేయాలి. ఎండ ఎక్కితే చెట్టులో నీటి ఒత్తిడి తగ్గి పాలు సన్నగిల్లుతాయి.

రోజు విడిచి రోజు గీస్తే ఏడాదికి 20 నుండి 25 సెంటీమీటర్ల బెరడు ఖర్చవుతుంది. ఒక వైపు పైనుండి కిందివరకు రావడానికి సుమారు 5 సంవత్సరాలు, రెండవ వైపుకు మరొక 5 సంవత్సరాలు. ఆ తరువాత మొదటి వైపుకే తిరిగి రావాలి. అప్పటికి అక్కడ కొత్త బెరడు వచ్చి ఉంటుంది. కత్తి లోపలి పొరను ముట్టకపోతే ఆ బెరడు నున్నగా వస్తుంది. ముట్టి ఉంటే ఆ చోట బుడిపెలు కట్టి, మళ్ళీ గీయడానికి పనికిరాకుండా పోతుంది. ఈనాడు చేసిన గాయం పదేళ్ళ తరువాత వచ్చేవాడి కత్తికి తగులుతుంది. దయచేసి ఈ మాట జ్ఞాపకం ఉంచుకోండి.

గీత కత్తి పదును

తొలి రోజులలో దొరలు గుర్రపు డెక్కలు చెక్కే కత్తినీ, వడ్రంగి ఉలినీ ఈ పనికి వాడి చూశారు. చివరకు మన తోటలలో నిలిచినది జెబొంగ్ అనే కత్తి. దాని కొన వంగి, ఇంగ్లీషు వి అక్షరంలాగా రెండు రెక్కలతో ఉంటుంది. దానిని గీసేవాడు తనవైపు లాగుతూ చెట్టు చుట్టూ నడుస్తాడు. ఒక రెక్క పొరను తీస్తుంటే, రెండవ రెక్క పాలు జారే కాలువను చక్కబరుస్తుంది.

ఈ కత్తి మొద్దుబారితే జరిగే నష్టాలు మూడు. మొదటిది, బెరడు తెగకుండా చిట్లుతుంది. పొట్టు కాలువలో పడి పాలు పక్కకు పొర్లి నేలపాలవుతాయి. రెండవది, తెగడం లేదని చేయి బలంగా నొక్కుతుంది. నొక్కినచోట కత్తి లోతుకు దిగి గాయమవుతుంది. మూడవది, ఒక్కొక్క చెట్టుకు కాలం ఎక్కువ పట్టి, నాలుగైదు వందల చెట్ల వరుస ముగిసేసరికి ఎండ వచ్చేస్తుంది. కూలి పాల తూకం మీద ఆధారపడినప్పుడు ఈ మూడూ కడుపు మీద దెబ్బలే. పైగా చెట్టు మీద గాయాలు లెక్కపెట్టే అధికారి వస్తే చీవాట్లు వేరే.

అందుచేత మా ఇంట్లో దీపాలు పెట్టిన తరువాత కత్తి నూరడం నిత్యవిధి. ముందు రాయిని నీటిలో నానవేసేవారు. బయటివైపు రెండు రెక్కలను ఒకే వాలులో, తొందర లేకుండా రాతి మీద నడిపేవారు. లోపలి మూలలోకి పెద్ద రాయి పోదు. దానికి అంచు పలచగా అరగదీసిన రాతిముక్క ఒకటి ఉండేది. నూరినప్పుడు అంచు మీద వెంట్రుకలాంటి సన్నని మడత లేస్తుంది. వేలి కొనను అడ్డంగా తాకిస్తే అది గరుకుగా తగులుతుంది. ఆ మడత లేచిందంటే ఆ వైపు నూరడం పూర్తయిందని అర్థం. దానిని లోపలి రాయితో మెల్లగా తీసివేసి, చివర పాత తోలు పట్టీ మీద నాలుగుసార్లు వెనక్కు లాగేవారు.

యుద్ధకాలం

జపాను సైన్యం 1941 డిసెంబరులో మలయాలో దిగింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయింది. రబ్బరు కొనే నాథుడు లేడు. చాలా తోటలలో గీత ఆగిపోయింది. బియ్యం దొరకక, చెట్ల వరుసల మధ్య కర్రపెండలం నాటుకొని తిన్నారు. ఆ సమయంలో సయాం నుండి బర్మాకు 415 కిలోమీటర్ల రైలు మార్గం వేయడానికి తోటల నుండి వేలాది మందిని తీసుకొని వెళ్ళారు. వారిలో తమిళులు ఉన్నారు, మలాయివారు ఉన్నారు, మన తెలుగువారూ ఉన్నారు. ఆ మార్గం 1943 అక్టోబరులో పూర్తయింది. వెళ్ళినవారిలో చాలామంది కలరాతో, మలేరియాతో, ఆకలితో అక్కడే పోయారు.

మా తాతగారిని 1943 మొదటి నెలలలో తీసుకొని వెళ్ళారు. మూడు నెలలలో తిరిగి వస్తారని చెప్పారట. అడవి కొట్టాలి గనుక పరంగు కత్తి తెచ్చుకోమన్నారు. ఆయన పరంగును నూరుకొని తీసుకొని వెళ్ళారు. గీత కత్తికి కొబ్బరినూనె రాసి, గుడ్డలో చుట్టి, వాసంలో దోపి పెట్టారు. తిరిగి రాలేదు. ఏ ఊరి దగ్గర పోయారో మాకు నేటికీ తెలియదు. అప్పుడు మా నాన్నగారి వయస్సు 12 సంవత్సరాలు.

యుద్ధం ముగిసి 1945 తరువాత తోటలు మళ్ళీ తెరిచినప్పుడు, నాయనమ్మ వాసంలోని గుడ్డను విప్పింది. నూనె రాసి ఉండడంచేత కత్తి తుప్పు పట్టలేదు. ఆమె అంతకుముందు కలుపు తీసే పనికి వెళ్ళేది. ఇప్పుడు గీత పని అడిగి తీసుకొన్నది. అదృష్టవశాత్తు తాతగారు గీసిన వరుసే ఆమెకు ఇచ్చారు. యుద్ధానికి ముందు ఆయన గీసిన వైపు కొత్త బెరడు వచ్చి ఉన్నది. ఆమె చీకటిలో ఒక్కొక్క చెట్టునూ చేతితో తడిమి చూసిందట. మేము చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు ఈ సంగతి చాలాసార్లు చెప్పేది. చివర ఎప్పుడూ ఒకే మాట: "నున్నగా ఉన్నాదిరా బాబూ. మీ తాత ఒక్క చెట్టుకీ గాయం పెట్టలేదు."

సమాధి లేని మనిషికి ఆ వరుసలోని చెట్లే గుర్తుగా మిగిలాయి. ఆ బెరడు మీదే ఆమె గీసింది, ఆ పాలతోనే మా నాన్నగారిని పెంచింది. తాతగారు ప్రతి రాత్రి కత్తి నూరుకొనకపోయి ఉంటే ఆ చెట్లు బుడిపెలు కట్టి ఉండేవి. ఆమెకు తూకం వచ్చేది కాదు.

1948 నుండి 1960 వరకు ఈ దేశంలో అత్యవసర పరిస్థితి నడిచింది. తోటలను దెబ్బతీయడానికి అడవిలోని గెరిల్లాలు రాత్రివేళ రబ్బరు చెట్లను నరికి వెళ్ళేవారు. ఉదయాన వెళ్ళేసరికి చెట్టు చుట్టూ లోతైన గాట్లు ఉండేవి. మా నాన్నగారు అప్పటికి తల్లితోపాటు గీత పనిలో చేరారు. చెట్టుకు వెంట్రుకవాసి గాయం కాకుండా రాత్రంతా కత్తి నూరుకొన్నవారికి ఆ దృశ్యం ఎలా ఉండేదో మీరు ఊహించుకోగలరు.

ఇంటిలోని కత్తులు

గీత కత్తి ఒక్కటే కాదు. ఆనాటి లైను ఇంట్లో నాలుగైదు రకాల వాదరలు ఉండేవి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క మర్యాద.

పరంగు మలాయివారి నుండి మనం నేర్చుకొన్న కత్తి. కట్టెలు కొట్టడానికి, పొదలు నరకడానికి వాడతాము. దాని వాదర సన్నగా ఉంటే మొదటి దెబ్బకే పెచ్చు లేస్తుంది. అందుచేత దాని చెంపలు కొంచెం ఉబ్బెత్తుగా ఉంచి, రాతి మీద కత్తిని ఊపుతూ గుండ్రంగా నూరాలి. లావు వాదర, బలమైన వాదర.

కత్తిపీట మన సొంతం. కత్తిని పీటకు బిగించి ఉంటుంది గనుక దానిని రాతి మీదికి తీసుకొని పోలేము. రాయినే చేతిలో పట్టుకొని కత్తి దగ్గరకు తీసుకొని రావాలి. నాయనమ్మ పీట మీద కాలు వేసి, తడి రాయిని కిందినుండి పైకి, రెండు చెంపలకూ సమానంగా నడిపేది. చింతకాయ, మామిడికాయ తరిగిన తరువాత వెంటనే కడిగి తుడవకపోతే ఇనుము నల్లబడుతుంది. తుప్పు పడితే చింతపండు, బూడిద వేసి తోమి, ఆరబెట్టి, కొబ్బరినూనె చుక్క రాసేది.

కక్కు కొడవలి ఆవులకు గడ్డి కోయడానికి. దాని వాదరకు ఒక చెంప మీద సన్నని పళ్ళు కొట్టి ఉంటాయి. పళ్ళవైపు రాయి పెట్టకూడదు, పళ్ళు అరిగిపోతాయి. రెండవవైపు, నున్నని చెంపను మాత్రమే మెల్లగా నూరితే పళ్ళ కొనలు వాటంతట అవే పదునెక్కుతాయి. పళ్ళు పూర్తిగా అరిగితే కమ్మరి చేత కక్కు కొట్టించాలి.

మా మేనమామలు బాగన్ దాతో వైపు కొబ్బరి తోటలలో ఉండేవారు. అక్కడ కాయలు ఒలవడానికి నేలలో పాతిన గునపం, కాయ పగులగొట్టే కత్తి, చిప్పనుండి కొబ్బరి తీసే వంపు కత్తి వేరువేరుగా ఉండేవి. గునపానికి వాదర సన్నగా ఉండనక్కరలేదు, కొన నిలబడితే చాలు. ఇంట్లో కొబ్బరి కోరాం పళ్ళు మొద్దుబారితే ఆకురాయితో పళ్ళ మధ్య సందులను రాసేవారు.

ఇన్ని వాదరల మధ్య పెరిగిన పిల్లలకు ఒక సంగతి తెలిసేది. అన్ని కత్తులకూ ఒకే పదును పనికిరాదు. దేనితో ఏమి కోయాలో ముందు తెలిస్తే, ఎంత వాలులో నూరాలో ఆ తరువాత తెలుస్తుంది.

రాయి పోయిన కథ

ఇప్పుడు మా తప్పు చెప్పుకోవాలి. 1970ల నాటికే రబ్బరు చెట్లను కొట్టివేసి పామాయిల్ చెట్లు నాటడం మన దేశంలో జోరుగా సాగుతున్నది. మా తోటలోనూ అదే జరిగింది. పామాయిల్ గెలలు కోయడానికి పొడవు గెడకు కట్టిన కొడవలి కావాలి. గీత కత్తికి పని పోయింది. మేము చదువుకొని పంతులు ఉద్యోగం సంపాదించాము. 1983లో మా కుటుంబం లైను ఇల్లు ఖాళీ చేసి పట్టణంలోని మిద్దె ఇంటికి మారింది.

సామాను సర్దినవాళ్ళము మేమే. నాయనమ్మ అప్పటికి కాలం చేసింది. ఆమె నూరుడురాయి గుమ్మం పక్కన ఉన్నది. అరవై ఏళ్ళు దగ్గరకు వస్తున్న వాడుకతో దాని నడుము పల్లమై, పడవలాగా వంగి ఉన్నది. కొత్త ఇంటికి ఈ మురికి రాయి ఎందుకు అనుకొని మేము దానిని అక్కడే వదిలివేశాము. నిజం చెప్పాలంటే మురికి ఒక్కటే కారణం కాదు. పంతులుగారి ఇంటికి వచ్చేవారు ఆ రాయిని చూసి, వీరు కత్తి పట్టిన కూలివారి సంతతి అనుకుంటారేమోనని సిగ్గుపడ్డాము.

మూడవ రోజున నాన్నగారు రాయి ఎక్కడ అని అడిగారు. చెప్పాము. ఆయన కోపపడలేదు. మరునాడు ఉదయం బస్సు ఎక్కి తోటకు వెళ్ళారు. అప్పటికే లైనును పడగొట్టి మట్టి కప్పివేశారు. సాయంత్రం ఖాళీ చేతులతో వచ్చి, "ఆ రాయి మీ నాయనమ్మ మూటలో వచ్చినాది" అని మాత్రం అన్నారు. ఆ తరువాత ఆయన బ్రతికి ఉన్నంతకాలం మా ఇంట్లో కత్తి నూరలేదు. గీత కత్తి మాత్రం ఆయన పెట్టెలో ఉండిపోయింది. ఇప్పుడు మా దగ్గర ఉన్నది.

శ్రీకాకుళం ఏటి రాయి ఒకటి సముద్రం దాటి వచ్చి, అరవై ఏళ్ళు మా అన్నం పెట్టి, మా చేతులలో పోయింది. ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం ఇదే.

ఈనాటి ఇళ్ళలో

ఈనాడు మన పిల్లల ఇళ్ళకు వెళితే వంటగదిలో ఎనిమిది, పది కత్తులు కనిపిస్తాయి. ఒక్కదానితోనూ టమాటా తెగదు. మొద్దుబారితే పారవేసి కొత్తది కొంటారు. మొద్దు కత్తి జారి వేలు తెగుతుంది. పదును కత్తికి బలం వేయనక్కరలేదు గనుక అది వేసినచోటే ఉంటుంది. కనుక మా పెద్దల పద్ధతిని ఈనాటి కత్తులకు సరిపడేటట్లు నాలుగు మాటలలో చెబుతాము.

హార్డ్‌వేరు దుకాణంలో రెండు ముఖాల సానరాయి కొనండి. ఒకవైపు గరుకు, మరొకవైపు నునుపు. ఇంటికి ఒక్క రాయే చాలునంటే 1000 నంబరు రాయి తీసుకోండి. నీటి రాయి అయితే బుడగలు ఆగేవరకు నీటిలో ఉంచి, తడి గుడ్డ మీద కదలకుండా పెట్టండి. దానికి నూనె పోయకండి.

వాలు ఎంత అన్నది పిల్లలకు ఇలా చూపండి. కాగితం మూల 90 డిగ్రీలు. దానిని సగానికి మడిస్తే 45. మళ్ళీ మడిస్తే ఇరవై రెండున్నర. మామూలు వంట కత్తిని ఆ మడతకంటే కొంచెం తక్కువగా, సుమారు 20 డిగ్రీలలో పట్టి నూరాలి. పలచని జపాను కత్తులకు 15 డిగ్రీలు. మాంసం, ఎముక కొట్టే కత్తికి 25 లేదా 30. ఒకవైపే వాదర ఉన్న కత్తికి ఆ ఒక్కవైపే వాలు ఇచ్చి, రెండవవైపును రాతి మీద చదునుగా పెట్టి మడతను మాత్రం తీయాలి. ఎంత వాలు అన్నదానికంటే, మొదటి నుండి చివరివరకు అదే వాలు నిలపడం ముఖ్యం. మడత అంచు పొడవునా లేచిన తరువాత వైపు మార్చండి.

రొట్టె కోసే పళ్ళ కత్తికి కక్కు కొడవలి సూత్రమే. ఒక్కొక్క సందులో సన్నని గుండ్రని రాతి కడ్డీని వాలువైపునుండి రెండు మూడుసార్లు నడిపి, నున్నని చెంప మీద మడతను తీయండి.

వంటకత్తులతో అమ్మే ఉక్కు కడ్డీ చాలావరకు పక్కకు ఒరిగిన వాదరను నిలబెట్టడానికే. రాయి చేసే పని అది చేయదు. వీధిలో గిరగిర తిరిగే పొడి చక్రం మీద నూరిస్తే నిప్పురవ్వలు చూడడానికి బాగుంటాయి. కాని వేడికి వాదర నీలంగా మారితే దాని గట్టిదనం పోయినట్లే. పదును చూడడానికి బొటనవేలు వాడకండి. టమాటా తొక్క మీద బరువు వేయకుండా లాగి చూడండి.

నూరిన కత్తిని ఇతర గరిటెలతో కలిపి సొరుగులో పడవేయకండి. గాజు పలక మీద తరగకండి. కడిగిన వెంటనే తుడవండి. చిన్నపిల్లలకు అందకుండా పెట్టండి. పన్నెండేళ్ళు నిండిన పిల్లలను మాత్రం పక్కన కూర్చోబెట్టుకొని నేర్పండి.

మనవి

రెండు సంవత్సరాల క్రితం మేము ఒక కొత్త సానరాయి కొన్నాము. తాతగారి గీత కత్తిని పెట్టెలోనుండి తీసి, నాన్నగారు చేసినట్లు జ్ఞాపకం చేసుకొంటూ నూరాము. ఆ చెట్టు లేదు, ఆ తోట లేదు, ఆ కత్తికి మా ఇంట్లో పని లేదు. అయినా నూరి, కొబ్బరినూనె రాసి, గుడ్డలో చుట్టి పెట్టాము. మా మనవరాలు పక్కన కూర్చొని, ఇది ఏమి చేయడం అని ఇంగ్లీషులో అడిగింది. "నూరడం" అన్నాము. ఆ పిల్ల ఆ మాటను రెండుసార్లు పలికి చూసింది. తరువాత వాళ్ళ అమ్మ వంటకత్తి తెచ్చి రాయి మీద పెట్టింది.

సోదర సోదరీమణులారా, ఈ ఉత్సవం నుండి ఇంటికి వెళ్ళిన తరువాత మీ అటకల మీద, పాత పెట్టెలలో వెతకండి. ఒక గీత కత్తి, ఒక కోరాం, నడుము అరిగిన ఒక రాయి దొరకవచ్చు. దొరికితే మేము చేసినట్లు సిగ్గుపడి పారవేయకండి. తుప్పు తీసి, నూరి, ఎవరిదో, ఏ తోటలో వాడారో ఒక కాగితం మీద తెలుగులో వ్రాసి దాని పక్కన పెట్టండి. పదేళ్ళ తరువాత ఆ పెట్టె తెరిచే చేతికి అది నున్నగా తగలాలని మా కోరిక.